ఒక తడి నీళ్లు

ఆరేళ్లుగా హుస్సేన్ సాహెబ్‌ను ఒక అనుమానం వదలలేదు. ఆ శుక్రవారం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది పానకాలు మోటారు వల్లనా, తన మోటారు వల్లనా? ఇవాళ కార్తీక మాసపు మిట్ట మధ్యాహ్నం, పర్చూరు అవతల మిరప చేల మధ్య, ఆరేళ్లుగా సాహెబ్ మోటారు షెడ్డు గడప తొక్కని పానకాలు తనంతట తానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల మోటారు తిరుగుతోంది.

"కూర్చోనని చెప్పాగా సాహెబూ. కూర్చోడానికి రాలేదు నేను."

"ఎండన పడి వచ్చావు. కుండలో నీళ్లున్నాయి, తాగు."

"తాగే నీళ్లకేం కరువు లేదులే నాకు. చేలో నీళ్లకే. ఎప్పటి నుంచి తిరుగుతోంది నీ మోటారు?"

"పదకొండింటి నుంచి."

"ఇప్పుడు రెండు కావస్తోంది. మూడు గంటలు. జమీందారులా పెట్టుకుంటున్నావు."

"వంతు నాదేగా పానకాలూ. కాయితంలో చూసుకో."

"కాయితం! కాయితంలో నిన్న నా వంతు. ఏడుగురం, రోజుకి ఐదుగురం, అంతా పద్ధతిగానే రాసుకున్నాం. కరెంటుకి చదువొస్తేగా ఆ కాయితం చూడ్డానికి! వచ్చింది, ఇరవై నిమిషాలుంది, పోయింది. మళ్లీ వచ్చింది, లో వోల్టేజీ. మోటారు మూలిగింది, మూలిగింది, చివరికి వైండింగ్ కాల్చుకుని కూర్చుంది."

"రిపేరుకి ఇచ్చావా?"

"పర్చూరులో ఇచ్చేసి బస్సు దిగి తిన్నగా ఇక్కడికే వస్తున్నా. వైండింగ్ షాపులో నా ముందు పదకొండు మోటార్లున్నాయి. ఎప్పుడిస్తావయ్యా అంటే తలెత్తకుండా నాలుగు వేళ్లు చూపించాడు. నాలుగు గంటలనుకునేంత పిచ్చోణ్ణి కాదుగా నేను."

"నాలుగు రోజులా?"

"నాలుగు రోజులు. మిరప ఆగుతుందా నాలుగు రోజులు? పొద్దున బస్సెక్కే ముందు చూశా. ఆకు దోసిలిలా ముడుచుకుపోయింది. పూత చెయ్యి తగిలితే రాలుతోంది. ఇవాళ ఒక్క తడి పడితే పిందె నిలబడుద్ది. పడలేదా, ఆ ఎకరన్నరా పొయ్యిలోకే."

"నాదీ అలాగే ఉంది."

"నీది అలాగే ఎందుకుంటుంది? నీకు పారుతోందిగా!"

"నీళ్లు తాగు ముందు."

"ఎన్నిసార్లు చెప్తావు ఆ ముక్క! ఇక్కణ్ణుంచి నా చేను కనపడదు నీకు, మధ్యలో పత్తి నిలువెత్తు లేచింది. కనపడితే నీళ్లు తాగమనే నోరే వచ్చేది కాదు."

"ఉండు, ఫోను. హలో, చెప్పు జానీ... ఎన్నయినాయి? ఇంకా పది సాళ్లేనా? మంచిది. గట్టు తెగకుండా చూసుకో, మెత్తబడి ఉంటుంది. ఏంటీ? లేదు. ఇంకా చెప్పలేదు. చెప్తా. చెప్తానంటున్నాగా, తొందరపెట్టకు నన్ను."

"జానీబీ వదినేనా?"

"ఊ. చేలో నీళ్లు కట్టేది ఆవిడే. నా మోకాళ్లు బురదలో నిలవనివ్వడం లేదు."

"నాకేంటి చెప్పాల్సింది?"

"చెప్తా."

"నీళ్లివ్వనని చెప్పాలా? అది నువ్వు చెప్పక్కర్లేదు, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

"నువ్వింకా అడగందే!"

"అడగాలా నోరు తెరిచి? అడుగుతాను. అడక్కుండా ఎక్కడికి పోతాను? కాస్త ఊపిరి తీసుకోనీ."

"వెంకాయమ్మ ఎక్కడుంది?"

"పత్తి తీతకి కూలికి పోయింది. చేలో ఉండి చేసేదేముంది? ఎండిపోతుంటే చూస్తూ ఏడవడమేగా. అది పక్కూళ్లో ఏడిస్తే కూలైనా వస్తుంది."

"అలా అనకు."

"ఎలా అనను? సెప్టెంబరులో వాన ముంచింది. నారు రెండుసార్లు పెట్టాం. చేలో నీళ్లు తోడిపోద్దామంటే కరెంటు లేదు, స్తంభాలు పడ్డాయన్నారు. ఇప్పుడు నలభై రోజులైంది చుక్క పడి. తడి పెడదామంటే కరెంటు లేదు, లోడు ఎక్కువన్నారు. మునిగినప్పుడూ లేదు, ఎండినప్పుడూ లేదు. మరి ఎప్పుడుంటుంది సాహెబూ అది? మంత్రులొచ్చినప్పుడా?"

"కార్తీకంలో ఈ ఎండేమిటో నాకూ అంతు పట్టడం లేదు. మా నాయన ఈ నెలలో గొంగళి కప్పుకుని కాపలాకి వెళ్లేవాడు."

"టీవీలో ఒకాయన చెప్పాడు. భూమి వేడెక్కిపోయిందట, కరెంటు పొదుపు చెయ్యాలట. కోటు వేసుకుని చెప్తున్నాడు సాహెబూ, ఈ ఎండల్లో! అంటే ఆయన గదిలో ఏసీ ఉందనేగా? మా ఇంట్లో ఉన్నది రెండు బల్బులు, ఒక ఫ్యాను. నేనేం పొదుపు చెయ్యను? ఫ్యానుకి ఒక రెక్క ఊడబెరకనా?"

"సోలార్ మోటారుకి అర్జీ పెట్టుకోమన్నారుగా నిన్ను?"

"వెళ్లా. పాసుబుక్కు ఎవరి పేరనుంది అన్నాడు. కౌలండీ అన్నా. అయితే ఓనరు సంతకం తెమ్మన్నాడు. ఓనరుకి ఫోన్ చేశా. 'సోలార్ పెడితే ఇక నువ్వు నా పొలంలోంచి కదలవు పానకాలూ' అన్నాడు. నెత్తిన ఎండ నాది. సంతకం మాత్రం ఆయనది కావాలి."

"దేవుడు చూస్తూనే ఉంటాడులే."

"చూస్తూ ఉంటే సరిపోతుందా? నేనూ మా నరసింహ స్వామికి మొక్కుతూనే ఉన్నా. నువ్వు రోజుకి ఐదుసార్లు మాట్లాడతావుగా, అడగవయ్యా, వాన సంగతేంటని."

"వాన గురించి అడగడం మానేశా. ఏది ఎప్పుడియ్యాలో ఆయనకి తెలీదా? మనం అడిగితేనే గుర్తొస్తుందా? నేను వేరేది అడుగుతున్నా."

"ఏంటది?"

"అదే చెప్తానన్నాగా."

"ఇందాకట్నుంచీ చెప్తా చెప్తా అనడమేగాని చెప్పింది లేదు. ఉండు, ముందు లైన్‌మేన్‌ని అడగనీ, ఈ కరెంటు ఎంతసేపుంటుందో. హలో! ఆదామూ! నేను, పానకాల్ని."

"చెప్పు మామా."

"కరెంటు మూడింటిదాకా ఉంటుందిగా?"

"రెండున్నరకి తీసేస్తున్నారు మామా."

"అదేంటయ్యా! పొద్దున మూడన్నారుగా?"

"పొద్దున అన్నారు, ఇప్పుడు మార్చారు. పట్నాల్లో ఏసీలు ఇంకా ఆడుతున్నాయంట. నన్నేం చెయ్యమంటావు? తెల్లారినప్పట్నుంచి నలభై మంది తిట్టారు, నువ్వు నలభై ఒకటో వాడివి. కానీయ్, నువ్వూ ఒక మాట అను."

"నిన్నంటే ఏమొస్తుందిలే."

"అది సరేగాని మామా, మీ దగ్గర ఎవరూ మోటార్లు వాటంతటవే తిరిగేట్టు ఆటోలో వదల్లేదుగా? మళ్లీ కాలిందంటే స్టాకులో ట్రాన్స్‌ఫార్మర్ లేదు, ముందే చెప్తున్నా."

"నన్నెందుకయ్యా అడుగుతావు? ఆటో అనేసరికి మీ అందరికీ నేనే గుర్తొస్తానా?"

"అబ్బెబ్బే, మాటవరసకి..."

"పెట్టెయ్ ఫోను!"

"ఆ పిల్లాడి మీద అరుస్తావెందుకు పానకాలూ?"

"అరవనా? ఆరేళ్లయింది సాహెబూ. ఊళ్లో ఇప్పటికీ నా పేరు ఆటో పానకాలు. మా చిన్నమ్మాయికి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు, పిల్ల తండ్రి ఆటో నడుపుతాడా, చిలకలూరిపేట కిరాయి ఎంత అని అడిగారు. మా వెంకాయమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు."

"నవ్వొచ్చే మాట కాదుగా."

"అసలేం జరిగింది ఆ రోజు? ఐదు మోటార్లు లాగే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏడు తగిలించాం. వంతు లేనివాళ్లు ఆటో స్టార్టర్ పీకి మామూలులో పెట్టాలి, కరెంటు రాగానే దానంతటది తిరక్కూడదని ఏడుగురం ఒప్పుకున్నాం. అవునా, కాదా?"

"అవును."

"ఆ శుక్రవారం వంతు లేనిది ఇద్దరికి, నీకూ నాకూ. కరెంటొచ్చింది, ఢామ్మంది, నూనె కారింది. అంటే ఎవడిదో ఆటోలో ఉంది. నేను ఆపానన్నా. నువ్వూ ఆపానన్నావు. నేను స్వామి మీద ఒట్టేసినా నమ్మలేదు. నిన్నెవరూ ఒట్టు కూడా అడగలేదు. హుస్సేన్ సాహెబ్ నమాజు తప్పని మనిషి, ఆయన అబద్ధమాడతాడా అన్నారు."

"వాళ్లు నమ్మింది నన్ను కాదు. నా గడ్డాన్ని."

"ఏదైతేనేం, నమ్మారు. నేను పక్కూరి నుంచి వచ్చిన కౌలువాణ్ణి, నాది కొత్త మోటారు, తప్పు నాదే అయింది. తప్పు కింద నా వంతు ఒకటి కోసేశారు. కోసి ఎవరికిచ్చారు?"

"నాకు."

"నీకు! పదో రోజు ట్రాన్స్‌ఫార్మర్ ట్రాక్టరు మీద వచ్చింది. మొదటి తడి నాది, అది నీ చేలో పారింది. ఈ షెడ్డు పక్కనే గట్టు మీద నిలబడి చూశా. పూత టైము, ఇలాగే. నీకు కాపు నిలిచింది. నాకు కల్లంలో కాయ ఆరబొయ్యడానికి పట్టా పరిస్తే, సగం పట్టా ఖాళీగా ఉండిపోయింది."

"తెలుసు. నేనూ చూశా."

"చూసి?"

"చూసి ఇంటికి పోయా."

"అంతేగా మరి. నేను నిన్ను అన్నా అని పిలిచేవాణ్ణి సాహెబూ, గుర్తుందా?"

"గుర్తుంది."

"సరే. అయిపోయిందేదో అయిపోయింది. బస్సులో వచ్చేప్పుడు ఎలా అడగాలా అని రకరకాలుగా అనుకుంటూ వచ్చా. ఏదీ గుర్తు లేదిప్పుడు. ఒక గంట ఇవ్వు. ఈ వంతులో ఒక్క గంట నా చేలోకి తిప్పు. ఊరికే వద్దు. నా మోటారు రాగానే నా వంతులో గంటకి గంట నీకు కట్టేస్తా."

"గంట ఇవ్వలేను పానకాలూ."

"గంట లేదు, నిజమే, రెండున్నరకి తీసేస్తాడుగా వాడు. అరగంట ఇవ్వు. కనీసం గట్టు పక్క సాళ్లన్నా బతుకుతాయి."

"అరగంట కూడా ఇవ్వలేను."

"ఇవ్వలేవు."

"ఇవ్వలేను. నా దగ్గర లేదు ఇవ్వడానికి."

"నీ మోటారు నా చెవిలో హోరెత్తిపోతోంది, లేదంటావా! బాగుంది. చాలా బాగుంది. నాకు బుద్ధుండాలి, ఈ గుమ్మం ఎక్కినందుకు. వస్తా."

"వెళ్లకు. చేలోకి మాత్రం వెళ్లకు ఇప్పుడు. కూర్చో, నీకొక మాట చెప్పాలి. అది విన్నాక నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు."

"ఇంకా మాటలేనా!"

"ఆ శుక్రవారం గురించి. ఆ పొద్దున మోటారు దగ్గరికొచ్చా. మందు కొట్టే పంపు తీసుకోవడానికి. జుమ్మా నమాజుకి టైమైపోతోందని హడావిడి. స్టార్టర్ మామూలులో పెట్టానో లేదో నాకు గుర్తు లేదు."

"గుర్తు లేదా? ఆపానని అందరి ముందూ చెప్పావుగా!"

"చెప్పా. అడిగారు, నోట్లోంచి వచ్చేసింది. చెప్పేటప్పుడు నిజమే అనుకున్నా. ఇంటికొచ్చాక అనుమానం మొదలైంది."

"మొదలైతే షెడ్డుకొచ్చి చూసుకోవచ్చుగా? పావుగంట నడక!"

"చూడలేదు."

"ఎందుకు?"

"చూస్తే తెలిసిపోతుందని. పది రోజులు ఈ తలుపు తియ్యలేదు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక తీశా. ఆటోలోనే ఉంది పానకాలూ."

"ఆటోలో ఉంది."

"ఉంది. ఆ పది రోజుల్లో ఎవరన్నా తిప్పారేమో అనుకున్నా. పిల్లలెవరన్నా ఆడుకున్నారేమో అనుకున్నా. ఆరేళ్లుగా అదే అనుకుంటూ ఉన్నా. నమాజులో కూర్చున్నా అదే."

"షెడ్డుకి తాళం ఉందిగా అప్పుడు?"

"ఉంది."

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"నా జేబులో."

"నీ జేబులో! మరింకా అనుమానం ఏంటి సాహెబూ నీకు? ఏంటి ఇందులో అనుమానం?"

"అనుమానం ఏమీ లేదు. అనుమానం అని పేరు పెట్టుకుంటే నిద్ర పట్టేది. అంతే."

"నీకు నిద్ర పట్టింది. నాకు పేరు పడింది."

"అవును."

"అవును అంటాడు, అవును! ఆరేళ్ల నుంచి ప్రతి కూడలిలో, టీ కొట్లో, ఎరువుల కొట్లో... మా అమ్మాయి సంబంధం... ఒక్క మాట చెప్తే పోయేదానికి!"

"ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. రేపు జుమ్మా అయ్యాక అందరి ముందూ చెప్తా. ముందు నీకు చెప్పాలనే ఆగా."

"రేపు చెప్తే ఆరేళ్లు వెనక్కొస్తాయా?"

"రావు. ఉండు, మళ్లీ ఫోను. ఆ, జానీ... ఇంకా ఆరేనా? ఊ... చెప్పా. చెప్పేశా అంతా. తిడుతున్నాడు. తిట్టనీలే, బాగానే తిడుతున్నాడు. నువ్వు నీళ్లు చూసుకో."

"నీళ్లు చూసుకోమంటున్నాడు! ఇంత చెప్పి, ఇంకా ఆ ఆరు సాళ్ల మీదే ఉందా నీ ప్రాణం?"

"అవి తడవాలి పానకాలూ. ఒక్క సాలు కూడా మిగలకూడదు."

"ఆ రోజు నా తడి మింగావు. ఇవాళ అరగంట అడిగితే లేదన్నావు. దొంగతనం నీదేనని నీ నోటితో చెప్పి కూడా, నీ ఆరు సాళ్లు తడవాలంటున్నావు. ఏ దేవుడు ఒప్పుకుంటాడయ్యా దీనికి?"

"ఎక్కడికి? పానకాలూ, లోపలికెందుకు?"

"నా చేను ఎండితే నీ చేనూ ఎండాలి. స్టార్టర్ ఎక్కడుంది? ఇదేగా? ఎర్ర బటన్ ఇదేగా?"

"నొక్కకు. నా మాట విను."

"అడ్డం జరుగు సాహెబూ! పెద్దవాడివని చూస్తున్నా, జరుగు! ఆరేళ్ల కింద నువ్వు కట్టెయ్యాల్సిన మోటారు ఇవాళ నేను కట్టేస్తా."

"చెయ్యి తియ్యి పానకాలూ. ఆ రోజు నేను తీసుకున్న నీ తడి, పదకొండింటి నుంచి నీ చేలోనే పారుతోంది. ఇంకా ఐదు సాళ్లున్నాయి."